మంత్రంలో వసంతం, వాకిట్లో శరత్తు

ఉగాది పొద్దున మెల్‌బోర్న్‌లో పూజకు కూర్చున్న ఇల్లాలికి సంకల్పం మధ్యలో ఒకచోట నాలుక తడబడుతుంది. సంవత్సరం పేరు చెప్పింది, అయనం చెప్పింది. వసంత ఋతువు అనేసరికి కిటికీ అవతల వీధిలో ఎల్మ్ చెట్ల ఆకులు పసుపు తిరుగుతూ కనిపిస్తాయి. ఆస్ట్రేలియా లెక్కలో మార్చి 1 నుంచే ఆకురాలు కాలం. బడిలో పిల్లాడు ఎండుటాకులు అంటించి చేసిన బొమ్మ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. "అమ్మా, ఆకులు రాలిపోతుంటే కొత్త సంవత్సరం ఏంటి?" అని వాడు అడిగితే ఆమె దగ్గర సిద్ధంగా జవాబు లేదు. పురోహితుడి దగ్గరా చాలాసార్లు ఉండదు.

పిల్లాడి ప్రశ్నే గానీ చిన్న ప్రశ్న కాదు. పండుగ ఆకాశానిదా, నేలదా? తిథి వచ్చింది కనుక పండుగ చేస్తున్నామా, కొత్త చిగురు వచ్చింది కనుకా? తెలుగునేల మీద ఈ రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఎవరూ విడదీసి చూడక్కర్లేకపోయింది. భూమధ్యరేఖ దాటిన తల్లికి మాత్రం ఏటా, పండుగ పండుగకూ విడదీయక తప్పడం లేదు.

పేరు పెట్టకుండా అలాంటి తల్లిని ఒకరిని అనుకుందాం. పుట్టిల్లు గుంటూరు, అత్తిల్లు వరంగల్లు, కాపురం మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో. ఇద్దరు పిల్లలు. కాబట్టి ఆమె ఇంట్లో బతుకమ్మా ఉంది, భోగీ ఉంది. ఇలాంటి ఇళ్లు అక్కడ కొత్త కాదు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్లు ఆస్ట్రేలియా మొత్తమ్మీద దాదాపు 59 వేల మంది.

ఋతువులతో మన పంచాంగానికి ఉన్నది మొహమాటపు చుట్టరికం కాదు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, సూర్యుడి ఏడాది కంటే 11 రోజులు తక్కువ. దాని మానాన దాన్ని వదిలేస్తే ఉగాది ఏటా అంత వెనక్కి జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టి వస్తుంది. హిజ్రీ క్యాలెండర్ నడిచేది అలాగే. రంజాన్ ఎండల్లోనూ వస్తుంది, వానల్లోనూ వస్తుంది, చలిలోనూ వస్తుంది. అందుకే టార్నీట్‌లో పక్కింటి ముస్లిం తల్లికి ఈ చిక్కు లేదు. మన పెద్దలు ఆ దారి పట్టలేదు. 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు దూర్చి, చైత్రాన్ని జారిపోనివ్వకుండా వసంతానికి కట్టేశారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది అందుకే, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చేదీ అందుకే. మధు, మాధవ మాసాలు, అంటే చైత్ర వైశాఖాలు, రెండూ వసంతమని తైత్తిరీయ సంహిత కాలం నుంచీ ఉన్న లెక్క. అంత పాటుపడి ఋతువును పట్టుకున్న పంచాంగాన్ని సూట్‌కేసులో పెట్టుకుని దక్షిణార్ధగోళంలో దిగితే, పట్టుకున్నది సరిగ్గా ఆరు నెలలు తేడాగా తేలింది.

పాతవాళ్లకు ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. సూర్యసిద్ధాంతం భూగోళాధ్యాయంలో భూమి గుండ్రమనీ, ఉత్తర ధ్రువాన మేరువు మీద దేవతలూ, దక్షిణ ధ్రువాన అసురులూ ఉంటారనీ, ఒకరికి పగలైన ఆరు నెలలు మరొకరికి రాత్రనీ ఉంది. ఇంకా ముందుకెళ్లి, సూర్యుడు దగ్గరగా ఉండటం వల్ల గ్రీష్మంలో దేవతల భాగంలో ఎండ తీవ్రమనీ, అసురుల భాగంలో ఇది తిరగబడుతుందనీ చెప్పింది. ఋతువులు దక్షిణాన తారుమారవుతాయని గ్రంథంలోనే ఉందన్నమాట. ఆ లెక్కన మెల్‌బోర్న్ అసురుల పొలిమేరలో పడుతుంది. ఈ ముక్క అక్కడి గుళ్లలో ఎవరూ పెద్దగా ఎత్తరు, ఎత్తకపోవడమే మర్యాద!

స్వదేశంలో మాత్రం అంతా సరిగ్గా ఉందా? సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం మకర సంక్రాంతి చేసుకుని ఉత్తరాయణ పుణ్యకాలం అనేది జనవరి 14, 15 తేదీల్లో. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వచ్చి ఇప్పుడు మూడు వారాలు దాటింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ఈ జారుడును కనిపెట్టాడు. ఒకప్పుడు ఆశ్లేష సగంలో తిరిగిన అయనం తన కాలానికి కర్కాటకం మొదట్లోకి వచ్చిందని బృహత్సంహితలో రాసి, తేడా ఉందనిపిస్తే ప్రత్యక్షంగా చూసి తేల్చుకోమన్నాడు. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం కూడా ఇదే గొడవలో తల దూర్చింది. 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ క్యాలెండరులో ప్రభుత్వ వ్యవహారాలకు ఋతువులను పట్టి ఉండే నెలలు పెట్టింది, పండుగలను మాత్రం అప్పటికి పడిన తేడాతోనే ఉంచేసింది. దేవుడి జోలికి వెళ్లడానికి సాహా అంతటివాడి సంఘమూ వెనకాడిందన్నమాట. కాబట్టి టార్నీట్ ఇల్లాలి సందేహం పరదేశం పుట్టించింది కాదు. ఇక్కడ మూడు వారాల తేడాలో నానుతున్నది అక్కడ ఆరు నెలల తేడాతో బయటపడింది, అంతే.

ఇక ఆమె ఏడాది సంగతి.

ఉగాది పచ్చడికి ఆరు రుచులు కావాలి. ఉప్పు, కారం, బెల్లం, చింతపండు ఏ ఇండియన్ షాపులోనైనా దొరుకుతాయి. మామిడి దగ్గర తిరకాసు మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో మామిడి కాలం సెప్టెంబరులో మొదలై మార్చికి ముగుస్తుంది. గుంటూరులో వాళ్లమ్మ తొలి పిందె కోసి పచ్చడిలో వేసే రోజున ఇక్కడ ఆఖరి కాయల కోసం షాపు వెనక ట్రేలు వెతకాలి. వేపపువ్వు ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్ముతారు. చెట్టే కావాలంటే దేశం ఉత్తరపు కొసకు, డార్విన్ వైపు వెళ్లాలి. అక్కడ వేప ఎంత విచ్చలవిడిగా పెరిగిందంటే నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం దాన్ని కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. మనం ఉగాది నాడు దండం పెట్టే చెట్టు అక్కడ పీకేయాల్సిన చెట్టు. పచ్చి మామిడాకులు ఇండియా నుంచి తెద్దామంటే విమానాశ్రయంలో జీవభద్రత అధికారులు ఊరుకోరు. గుమ్మానికి ప్లాస్టిక్ తోరణమే గతి.

పిల్లాడు బొమ్మకు ఏరిన ఆకుల సంగతీ చూడాలి. ఆస్ట్రేలియా సొంత చెట్టు యూకలిప్టస్ ఆకురాలు కాలంలో ఆకు రాల్చదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉండి బెరడు వలుచుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో మెల్‌బోర్న్ వీధుల్లో పసుపూ ఎరుపూ పులిమేవి ఇంగ్లిషువాళ్లు తెచ్చి నాటిన ఎల్మ్‌లు, ఓక్‌లు, ప్లేన్ చెట్లు. వాటితోపాటే నాలుగు ఋతువుల లెక్కా దిగుమతైంది. ఆ నేల మొదటివాళ్లు, కులిన్ ప్రజలు, ఏడాదిని ఏడు కాలాలుగా చూశారు. మార్చి వాళ్లకు ఈల్ చేపల కాలం. ఏప్రిల్ నుంచి జులై దాకా వొంబాట్ కాలం, ఆగస్టులో ఆర్కిడ్ల కాలం, సెప్టెంబరు, అక్టోబరుల్లో తోకకప్పల కాలం, నవంబరులో గడ్డి పూసే కాలం. ఆరు ఋతువుల తల్లీ నాలుగు ఋతువుల బడీ గొడవపడుతున్నది ఏడు కాలాల నేల మీద. బడి నేర్పేది కూడా ఒకప్పుడు ఎవరో ఓడలో తెచ్చుకున్నదే అని తెలిస్తే ఆమె తడబాటు కాస్త తగ్గవచ్చు.

శ్రావణం చలి రోజుల్లో వస్తుంది. వరలక్ష్మీ వ్రతం నాడు తెల్లవారుజామున తలంటు పోయాలంటే పిల్లల ముక్కులు చూసి భయపడాలి. సూర్యోదయమే ఏడు గంటల ప్రాంతంలో. తులసి కుండీ పెరట్లో ఉంటే మంచు పొరకు మాడిపోతుంది కనుక మే నెలలోనే లోపలికి చేరుతుంది, ఉత్తరం కిటికీ దగ్గరికి. ఉత్తరమే ఎందుకంటే దక్షిణార్ధగోళంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో ఉంటాడు. తూర్పున పొడిచి, ఉత్తరం మీదుగా వెళ్లి, పడమట దిగుతాడు. గుంటూరులో కుడి చేతి వాటంగా తిరిగే సూర్యుడు ఇక్కడ ఎడమ చేతి వాటంగా తిరుగుతాడు. ప్రదక్షిణకు సూర్యుడి నడకే మూలమనేవాళ్లు ఈ ముక్కకు ఏం చెబుతారో! 1985 నుంచీ సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయంలో, 1994 నుంచీ మెల్‌బోర్న్ శివారు కారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయంలో భక్తులు ఎప్పటిలాగే కుడివైపుకే తిరుగుతున్నారు. సూర్యుడు ఎడమకు తిరుగుతున్నాడని తామూ ఎడమకు తిరిగినవారు లేరు.

బతుకమ్మ మరో పరీక్ష. తెలంగాణలో అది వానలు వెనకపట్టాక చెరువులు నిండి, బీళ్లలో గునుగూ తంగేడూ విరగబూసే రోజుల పండుగ. ఎవరూ పెంచని పూలు, డబ్బు పెట్టి కొననక్కర్లేని పూలు. ఆ పండుగ అందమంతా అక్కడే ఉంది. మెల్‌బోర్న్‌లో అప్పుడు వసంతం తొలి రోజులు. తంగేడు కుటుంబానికే చెందిన పచ్చటి వాటిల్ పువ్వు, ఆస్ట్రేలియా జాతీయ పుష్పం, ఆగస్టులో విరగబూసి బతుకమ్మ నాటికి చాలావరకు వాడిపోతుంది. చామంతి సంగతి ఇంకా విచిత్రం. అక్కడ చామంతి కాలం మే నెల, అందుకే మదర్స్ డేకి పిల్లలు అమ్మలకు ఇచ్చేది చామంతి పూలగుత్తి. అక్టోబరులో అవే పూలు కావాలంటే గ్రీన్‌హౌస్ పూలు కొనాలి. వరంగల్లు అత్తగారు వీడియో కాల్‌లో చూసి, "గునుగు లేని బతుకమ్మ ఏందమ్మా, బోసిగ లేదూ?" అంటే కోడలు, "ఉన్న పూలతోనే పేర్చిన అత్తమ్మా, గౌరమ్మను మాత్రం పసుపుతోనే చేసిన" అంటుంది. ఆ జవాబులో ఒక సిద్ధాంతమే ఉంది. పూలు నేలవి, మారతాయి. గౌరమ్మ మారదు. నిమజ్జనానికి చెరువు బదులు నీళ్లు నింపిన ప్లాస్టిక్ టబ్బు.

కార్తీకం వచ్చేసరికి మాట సరదాగా ఉండదు.

నాగుల చవితి నాడు గుంటూరులో పుట్ట వెతుక్కుంటూ పొలం గట్టుకు వెళతారు. మెల్‌బోర్న్ పడమటి గడ్డి మైదానాల్లో ఆ రోజుల్లో పాములను వెతకాల్సిన పని లేదు. చలికాలమంతా ముడుచుకుని పడుకున్న టైగర్ స్నేక్‌లు, ఈస్టర్న్ బ్రౌన్‌లు ఎండ కాగడానికి అప్పుడే బయటికి వస్తాయి. రెండూ ప్రాణాంతకమైనవే. చట్టం రక్షణ ఉంది కనుక వాటిని చంపకూడదు. వాగు పక్క నడకదారుల్లో 'పాములున్నాయి' అన్న బోర్డులు కనబడతాయి. తెలుగునేల మీద కంటే అక్కడే నాగుల చవితి కాలానికి సరిగ్గా అతికిందనవచ్చు. అయినా ఆమె చలిమిడి, చిమ్మిలి చేసి ఇంట్లో వెండి పడగకే పాలు పోస్తుంది, పిల్లలకు గడ్డిలో నడవొద్దని చెబుతుంది. పాముకు దండం పెట్టడమూ పాముకు దూరంగా ఉండటమూ మనవాళ్లకు ఎప్పుడూ కలిసే ఉన్నాయి.

కార్తీక సోమవారం నక్తం ఉండేవాళ్లు చుక్క చూసి భోంచేయాలి. అక్కడ అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. నవంబరులో పొద్దుగూకేది ఎనిమిది దాటాకే. చుక్క స్పష్టంగా కనబడేసరికి పిల్లలు నిద్రపోతారు. ఉత్తరార్ధగోళపు కార్తీకంలో చీకటి ముందే దిగి ఉపవాసాన్ని కుదిస్తుంది, ఇక్కడ పగలు పెరిగి దాన్ని సాగదీస్తుంది.

2016 నవంబరు 21. అదీ కార్తీక సోమవారమే. ఆ సాయంత్రం మెల్‌బోర్న్ మీద విరుచుకుపడిన ఉరుముల గాలివానకు రైగ్రాస్ గడ్డి పుప్పొడి నీటితేమకు పగిలి సన్నని నుసిగా గాలిలో నిండింది. కొన్ని గంటల్లో వేలమంది ఊపిరందక ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. అంతకుముందు ఆస్తమా అంటే ఏమిటో తెలియనివాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆసుపత్రుల పాలైనవారిలో భారత ఉపఖండపు మూలాలున్నవాళ్లు జనాభాలో వారి వాటాను మించి ఉన్నారని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అప్పటి నుంచి అక్కడి తల్లులు అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఫోనులో పుప్పొడి సూచిక చూడటం నేర్చుకున్నారు. ఆ మూడు నెలల్లోనే కార్తీక మాసమంతా ఉంది. ఉసిరికాయ దీపం పక్కన ఇన్‌హేలర్ పెట్టుకునే ఇళ్లు ఉన్నాయి.

ఇక్కడికి వచ్చాక ఋతువు అన్నది సంకల్పంలో అలవాటుగా దొర్లే పదం కాదని తేలిపోతుంది. శాస్త్రమూ దాన్ని అలంకారంగా చూడలేదు. చరక సంహిత సూత్రస్థానంలో ఋతుచర్యకు ఒక అధ్యాయమే ఉంది. ఏ కాలంలో ఏం తినాలి, ఎలా మసలాలి అన్నది ఒంటికి సంబంధించిన ధర్మం. ఒళ్లు మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు దాని ఋతువు గుంటూరులో ఉండదు.

సంక్రాంతి దగ్గర మాత్రం నేల కొంత కలిసొస్తుంది. విక్టోరియా గోధుమ పొలాల్లో నవంబరు నుంచి జనవరి దాకా కోతలు. బడులకు అప్పుడే పెద్ద సెలవులు. కొత్త బియ్యం కాదు గానీ కొత్త గోధుమ ఇంటికి వచ్చే కాలమే. కుదరనిది భోగి మంట ఒక్కటే. జనవరి, ఫిబ్రవరి అక్కడ కార్చిచ్చుల నెలలు. 2009 ఫిబ్రవరి 7న, ఉష్ణోగ్రత 46.4 డిగ్రీలకు ఎక్కిన రోజున, విక్టోరియాలో అడవులూ ఊళ్లూ తగలబడి 173 మంది చనిపోయారు. ఎండలు ముదిరిన రోజున ప్రభుత్వం సంపూర్ణ నిషేధం ప్రకటిస్తే బయట మంట వేయడం జైలుకు వెళ్లేంత నేరం. తెల్లవారకముందే లేచి పిడకల దండలు మంటలో వేసే పండుగ అక్కడ ఇత్తడి పళ్లెంలో కర్పూరంగా కుదించుకుపోయింది. చలి కాచుకోవడానికి పుట్టిన మంటను చలే లేని చోట వదిలేయడంలో అధర్మం ఏముంది? ఏమీ లేదు. భోగిపళ్లు మాత్రం ఆమె వదలదు. పిల్లల తల మీద రేగిపళ్లతో పాటు చాక్లెట్లు, నాణేలు, పూలరేకులు పడతాయి. దిష్టికి ఋతువుతో పని లేదు కదా. ఆవకాయ ముచ్చటా ఆ రోజుల్లోనే తీరుతుంది. ఎండ ఉంది, కాయ ఉంది, సెలవులున్నాయి. గుంటూరులో మేలో పెట్టేది టార్నీట్‌లో జనవరి ముందూ వెనకలుగా పెడతారు. ఈ మార్పుకు ఆమె ఏ పురోహితుణ్నీ అడగలేదు.

ఇలాంటి చిక్కు పడినవాళ్లు మనమొక్కరమే కాదు. పదిహేడో శతాబ్దంలో బ్రెజిల్‌లో స్థిరపడిన యూదులు, ఉత్తరార్ధగోళపు చలికాలంలో చెప్పే వాన ప్రార్థనను తాము ఎప్పుడు చెప్పాలని సలోనికాలోని రబ్బీ హయీమ్ షబ్బెతాయ్‌ని అడిగారు. తమ నేలకు చేటు చేసే కాలంలో వాన కోరవద్దనీ, అవసరమైన కాలంలో ఎవరి కోరికలు వాళ్లు విన్నవించుకునే చోట అడగమనీ ఆయన తీర్పు. పండుగ తేదీ కదలలేదు, అడిగే కోరిక మాత్రం నేలను బట్టి మారింది. క్రైస్తవులు ఇంత తర్కించలేదు. డిసెంబరు ఎండలో క్రిస్మస్, ఆకురాలు కాలంలో ఈస్టర్ చేసుకుంటూ వెళుతున్నారు. పాత ఐరోపా ప్రకృతి మతాలను మళ్లీ బతికిస్తున్న పేగన్ బృందాలు పూర్తిగా రెండో కొసకు పోయి పండుగల చక్రాన్నే ఆరు నెలలు తిప్పేశాయి, వాళ్ల యూల్ ఆస్ట్రేలియాలో జూన్‌లో వస్తుంది. సూర్యుడే దేవుడైతే అలా చేయడం సబబే. కానీ ఉగాదిని సెప్టెంబరుకు మార్చమంటే ఏ తెలుగు తల్లీ ఒప్పుకోదు. పుట్టింట్లో ఉగాది కాని రోజున తన ఇంట్లో ఉగాది ఏమిటి?

తెలుగువాళ్లు భూమధ్యరేఖ దాటి ఇప్పటికి సుమారు 180 ఏళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి మారిషస్ వెళ్లినవాళ్లు, 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలుకుని నేటాల్‌కు వెళ్లినవాళ్లు అందరూ దక్షిణార్ధగోళంలోనే దిగారు. వీసా, ఫోను, వాట్సాప్ లేని ఆ కూలి తల్లులకు పుట్టినిల్లు ఒక జ్ఞాపకంగానే మిగిలింది. వాళ్లు పండుగ తేదీని కదల్చలేదు. మారిషస్‌లో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం అక్కడ నిలిచే ఉన్నాయి. భాష చాలా ఇళ్లలో పోయింది, తిథి పోలేదు. ఋతువు కుదరలేదని పండుగ చెడిపోదని వాళ్లు ఎప్పుడో తేల్చేశారు.

మరి సంకల్పంలో ఋతువు? సంకల్పమంటే చేసేవాడు తానెక్కడ, ఎప్పుడు కూర్చున్నాడో దేవుడికి విన్నవించుకోవడం. అమెరికాలో పురోహితులు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం, భరతవర్షం బదులు రమణకవర్షం అంటున్నారు. చోటు మారిందని ఒప్పుకున్నప్పుడు, చోటుతోపాటే మారిన ఋతువును మార్చడానికి వెనకాడటంలో తర్కం కనబడదు. దీనికి ఎదురు వాదమూ గట్టిదే. చైత్ర వైశాఖాలకు వసంతమన్నది కట్టుబాటు పేరు, చెట్టు చిగురుతో దానికి పని లేదంటారు. వైశాఖంలో రెంటచింతల ఎండ తిన్నవాళ్లెవరూ దాన్ని వసంతమని నమ్మి అనడం లేదు కదా అనీ అంటారు. నిజమే. కానీ అది వట్టి పేరే అయితే దాన్ని నిలబెట్టడానికి అన్ని అధిక మాసాలు ఎందుకు? మాసం, తిథి, నక్షత్రం ఆకాశానివి, ఎక్కడైనా అవే. ఋతువు నేలది. నేల మారితే దాని పేరు మారాలన్నదే ఈ వ్యాసకర్త పక్షం. ప్రదక్షిణను మాత్రం కదల్చనక్కర్లేదు. దేవుడికి కుడిభుజం చూపి నడవడం మర్యాద, అది ఎండ ఎటు తిరిగినా మారేది కాదు.

ఎవరు తేల్చాలి అంటే తెలుగు ఇళ్లలో ఎక్కువగా నడిచే ఆపస్తంబ సూత్రాలే ఒక దారి చూపిస్తున్నాయి. పెళ్లి ఆచారాలను స్త్రీలను అడిగి తెలుసుకోమని గృహ్యసూత్రంలో ఉంది. శాస్త్రం చెప్పకుండా మిగిలిన ధర్మాలను స్త్రీల నుంచీ అన్ని వర్ణాలవారి నుంచీ నేర్చుకోవాలని కొందరంటారన్న మాటతో ధర్మసూత్రం ముగుస్తుంది. దక్షిణార్ధగోళపు ఋతువు శాస్త్రం చెప్పకుండా మిగిలినవాటిలోదే. భోగి మంటను కర్పూరం చేసింది, ఆవకాయను జనవరికి జరిపింది, తులసిని ఉత్తరం కిటికీకి తెచ్చింది ఎవరో తెలిసిందే.

ఆ తల్లులను అడిగితే ఒకే జవాబు రాదన్నదీ నిజమే. ఒకరు వసంతమే అంటారు, అమ్మ చెప్పినట్టు చెప్పకపోతే పూజ చేసినట్టుండదని. ఇంకొకరు ఆ ముక్క మింగేసి మాసం పేరుకు వెళ్లిపోతారు. టార్నీట్ ఇల్లాలికి అంతకంటే తక్షణమైన తగువు ఇంకొకటుంది. 2026లో అమావాస్య ముగిసేది మార్చి 19న భారత కాలమానం ఉదయం 6.53 ప్రాంతంలో. వెంకట్రామా క్యాలెండరులో ఉగాది ఆ రోజే. అప్పటికి మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటింది. అక్కడి సూర్యోదయానికి పాడ్యమి తగిలేది మర్నాడు, 20వ తేదీ పొద్దున. గుంటూరు నుంచి అమ్మ 19నే శుభాకాంక్షలు చెప్పేస్తుంది. స్థానిక సూర్యోదయం పాటించేవాళ్లకు పండుగ 20న. పచ్చడి రెండు రోజులూ చేసేంత వేపపువ్వు ప్యాకెట్టులో లేదు. ఏప్రిల్ 5న గడియారాలు వెనక్కి జరిగాక రాహుకాలం మళ్లీ చూసుకోవాలి, అత్తగారి ఫోను ఐదున్నర గంటల తేడాతో వచ్చేది నాలుగున్నర గంటల తేడాతో వస్తుంది.